చెడును వారించే బాధ్యత - పక్కన పిల్లలున్నప్పుడు

నడిబజారులో తగవు జరుగుతున్నది. మాట మీద మాట పెరిగి చేయి లేచింది. అక్కడ పసిపిల్లలున్నారు. అటువంటప్పుడు ఒక ముస్లిం కల్పించుకోవాలా, తప్పుకొని పోవాలా? ఈ ప్రశ్నకు మనవారు సాధారణంగా ఒక్క హదీసు వినిపించి ఊరుకుంటారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. చెడును చూసినవాడు దానిని చేతితో మార్చాలని, అది చేతకాకుంటే నాలుకతో, అదీ చేతకాకుంటే హృదయంతోనని దాని సారాంశం.

దీనిని తెనిగించేటప్పుడు కలం ఒకచోట ఆగుతుంది. మార్చవలసింది దేనిని? అరబీలో అక్కడున్న సర్వనామం 'హు'. మనిషికైనా, పనికైనా అదే రూపం. తెలుగులో మాత్రం 'వానిని' అనాలో, 'దానిని' అనాలో తేల్చుకోక తప్పదు. వాక్యంలో దానికి ముందున్న పదం 'మున్కర్', అనగా చెడు. కనుక 'దానిని' అనడమే సరి. తగవులోకి ఆవేశంగా దూకే మన యువకులు చాలామంది ఈ హదీసును 'వానిని' అని చదువుకున్నవారే!

'మున్కర్'ను 'పాపం' అని అనువదించడం మరో పొరపాటు. నేనూ ఒకప్పుడు అలాగే వ్రాశాను. ఇమామ్ గజాలీ (మరణం హి. 505, క్రీ.శ. 1111) తమ 'ఇహ్యా ఉలూముద్దీన్'లో ఈ రెంటికీ భేదం చెప్పారు. పసివాడు మద్యం త్రాగుతుంటే చూసినవాడు దానిని పారబోసి వారించాలి. పసివానికి పాపం అంటదు. అయినా అది మున్కరే. ఈ లెక్కన తగవులో తప్పెవరిదో తేలకపోయినా, నడుమ ఒక బిడ్డ నలిగిపోతుంటే అది ఆపవలసిన చెడే అవుతుంది.

అయితే ఆ ఇమామే మరొక మాట కూడా చెప్పారు. చెడును వారించబోతే కలిగే కష్టం తన ఒక్కనికే పరిమితమైతే దానిని ఓర్చుకోవచ్చు. ఆ కష్టం తన బంధువులకు, ఇరుగుపొరుగు వారికి తగిలేటట్లయితే వదలివేయాలి. తన హక్కును తాను వదులుకోవచ్చును గాని, ఇతరుల హక్కును వదులుకునే అధికారం ఎవరికున్నది? చేతిలో సొంత బిడ్డ చేయి ఉన్నవానికి ఈ మాట ముఖ్యం.

కొన్నేళ్ళ క్రితం ఒక బస్టాండులో నాకు సరిగ్గా ఈ పరిస్థితే ఎదురయింది. టిక్కెట్టు పారవేసుకున్నాడని ఒక తండ్రి తన కొడుకును చెంప మీద కొడుతున్నాడు. పిల్లవానికి ఆరేడేళ్ళుంటాయి. తల్లి తల వంచుకుని నిలబడింది. నా పక్కన ఎనిమిదేళ్ళ నా కొడుకు. నా మనసులో గజాలీ వాక్యాలన్నీ వరుసగా వచ్చి నిలిచాయి. కాళ్ళు మాత్రం కదలలేదు. ఇంతలో జామకాయలమ్మే ముసలమ్మ ఒకతె లేచి వెళ్ళి, "ఏం పోయింది నాయనా, వెతుకుదాం పట్టు" అంటూ ఆ తండ్రికీ కొడుక్కీ నడుమ కూర్చుని బల్ల క్రింద వెతకసాగింది. అతడు కొట్టడం మానివేశాడు. టిక్కెట్టు దొరికిందో లేదో నేను చూడలేదు.

ఆమె చేసినదానికి మన గ్రంథాలలో మూలాలు లేకపోలేదు. ఒక పల్లెవాసి మస్జిదులో మూత్రవిసర్జనకు కూర్చుంటే సహాబాలు అరుస్తూ లేచారు. దైవప్రవక్త (స) వారిని ఆపి, అతని పని ముగిశాక ఆ చోట బొక్కెనతో నీళ్ళు పోయించారు. మధ్యలో లేపితే అతనికీ హాని, మరింత చోటు అపవిత్రమవుతుందని వ్యాఖ్యాతలు వివరించారు. మరొకసారి అబూ మస్‌ఊద్ బద్రీ (రజి) తమ బానిస కుర్రవానిని కొరడాతో కొడుతుండగా వెనుకనుండి ఒక స్వరం వినవచ్చింది. కోపంలో అది ఎవరిదో ఆయనకు తెలియలేదు. అది దైవప్రవక్త (స) స్వరం. ఈ కుర్రవానిపై నీకున్న శక్తి కంటె నీపై అల్లాహ్‌కున్న శక్తి ఎక్కువ అన్నది దాని భావం. కొరడా జారిపోయింది; ఆ బానిసకు విముక్తి కలిగింది. మొదటి సంఘటనలో అరుపును ఆపవలసి వచ్చింది, రెండవదానిలో మాట్లాడవలసి వచ్చింది. రెంటిలోనూ ఎవరిమీదా చేయి పడలేదు.

కత్తులు, కర్రలు లేచినచోట ముసలమ్మ ఉపాయం పనిచేయదు. అక్కడ బిడ్డను దూరంగా తీసుకుపోయి, నమ్మకస్థుల వద్ద ఉంచి, 112కు ఫోను చేయడమే మన చేతనైన పని. హింస పిల్లలపైనైతే 1098 ఉన్నది. ఇది వారి ఇంటి వ్యవహారమని కొందరంటారు. తన సంరక్షణలోని బిడ్డను హింసించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను క్రింద నేరం. ఫోను చేయడం నాలుక పనిలోకే వస్తుందని నా అభిప్రాయం.

ఇక మిగిలింది మూడవ మెట్టు, హృదయం. పెద్దల హృదయంలోని అసహ్యం పక్కనున్న బిడ్డకు కనబడదు. మౌనం ఒక్కటే కనబడుతుంది. ఆ రోజు బస్సులో నా కొడుకు, "అబ్బా, ఆ నాన్నను నువ్వెందుకు ఆపలేదు?" అని అడిగాడు. ధర్మశాస్త్రంలో నాకు సాకులు దొరకకపోలేదు. నిన్ను వదిలి వెళ్ళడానికి భయపడ్డాను, ఆ ముసలమ్మ చేసిన పని నేను చేసి ఉండవలసింది అని చెప్పాను. వాడు కొంతసేపు ఆలోచించి, నన్ను కూడా తీసుకుని వెళితే మనమిద్దరం టిక్కెట్టు వెతికేవాళ్ళం కదా అన్నాడు.