మెరకా, పల్లమా?

నేను మ్యాపులు గీసి బతుకుతాను. సర్కారు సర్వేయర్ని కాదు, ఏ కంపెనీలోనూ జీతగాణ్ని కాదు. ఇల్లు బందరులో, అంటే మచిలీపట్నంలో. గుడివాడ నుంచి నాగాయలంక దాకా ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్తాను. రొయ్యల చెరువు లీజుకిచ్చేవాళ్లు, వాటాలు పంచుకునే అన్నదమ్ములు, ప్లాట్ల వెంచరు వేసేవాళ్లు, కాలువ పూడిక తీయించుకోవాలనుకునే రైతులు పిలుస్తుంటారు. హద్దు తగువు తేల్చే అధికారం నాకు లేదు, అది సర్వే శాఖది. నేను కొలిచి గీసిచ్చేది, ఎవరి నేల సంగతి వాళ్లకు తెలియడానికి.

అందరూ మొదట అడిగేది ఒకటే: "మొత్తం ఎంతొచ్చింది?" మా డెల్టాలో అది రెండో ప్రశ్న కావాలని నా అభిప్రాయం. మొదటిది, నీళ్లు ఎటు పోతాయి?

అయినా విస్తీర్ణం సంగతి ముందు చెబుతాను, లేకపోతే ఎవరూ వినరు. మొన్న వేసవిలో కోడూరు వైపు ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. "అబ్బాయ్, మా నాయన నాలుగెకరాలన్నాడు. నీ మిషన్లో మూడెకరాల తొంభై రెండు సెంట్లే వచ్చింది. ఎనిమిది సెంట్లు ఏ కాకెత్తుకుపోయింది?" కాకి కాదు బాబాయ్, గొలుసు అన్నాను. మన పాత కొలతలు ఎక్కువగా 66 అడుగుల గంటర్ గొలుసుతో తీసినవే. దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. అందులో నూరోవంతు సెంటు, అంటే వెయ్యి చదరపు లింకులు, 48.4 చదరపు గజాలు. బురదలో గొలుసు బిగించి పట్టకపోయినా, తిన్నగా లాగకపోయినా ఉన్నదానికంటే ఎక్కువ పొడవు చూపిస్తుంది. పైగా పక్క చేను ఆసామి ఏటా పారతో గట్టు చెక్కుతూనే ఉంటాడు. ఆ మాట పెద్దాయనతో అనలేదు. పక్క చేను ఆయన తమ్ముడిదే.

అలాగని పాత కాగితాన్ని తీసిపారేయకూడదు. ప్రతి సర్వే నంబరుకూ ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే శాఖ కొలతల పుస్తకంలో, ఒక బొమ్మ ఉంటుంది. రాయి నుంచి రాయికి తిన్నని గీత, ఆ గీత మీద నుంచి గట్టు మలుపులకు అడ్డకొలతలు. రాళ్లు దొరికితే చేనును మళ్లీ అక్కడే నిలబెట్టవచ్చు. చిక్కల్లా రాళ్లు దొరకకపోవడమే. చెరువులు తవ్వేటప్పుడు పొక్లెయిను గట్టుతో పాటు రాయినీ లేపేస్తుంది. నాలుగు చేలు కలిసి ఒక చెరువయ్యాక ఎవరి హద్దు ఎక్కడో నీళ్ల కింద ఉంటుంది. అప్పుడు మూడు గ్రామాల పొలిమేరలు కలిసే రాయి, పాత కల్వర్టు, కాలువ తూము లాంటి కదలని గుర్తులు పట్టుకుని లోపలికి రావాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు కొత్తగా ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. నేను పాతదీ కొత్తదీ రెండూ రాస్తాను.

చెరువు లీజుల్లో ఇంకో పేచీ ఉంది. ఎకరాకింత అని మాట్లాడుకుంటారు గానీ ఆ ఎకరం గట్టుతో కలిపా, నీళ్ల వరకేనా అన్నది చెప్పుకోరు. అందుకే మ్యాపులో రెండు లెక్కలూ విడివిడిగా వేస్తాను. గట్టునూ నీళ్లనూ విడదీసే ఆ ఒక్క గీతకే నాకు డబ్బు ఇవ్వొచ్చు.

ఇక మెరక, పల్లం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను చుట్టుకుంటుంది. అక్కడే అక్విడక్టు మీదుగా కాలువ నీళ్లు నది పాయను దాటి సీమలోకి వెళ్తాయి. కింద నది, పైన కాలువ. మట్టాల లెక్క ఏమాత్రం తప్పినా అవతలి పొలాలకు చుక్క పారదు. గుడివాడకు ఉత్తరాన, తూర్పున కొల్లేరు పల్లం. 1999లో ఆ సరస్సును సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఐదో కాంటూరు అంటే అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. నేల మీద కనబడని గీత అది, పటంలోనే ఉంటుంది. మా వృత్తికి ఎంత బలముందో, ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఎత్తు కొలవడంలో కొత్తవాళ్లు తడబడేది ఉపగ్రహాల దగ్గర. ఉపగ్రహాల సంకేతాలు అందుకునే రోవర్ నేరుగా చూపించే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి ఊహించుకున్న నున్నని ఆకారం నుంచి. మన తీరంలో ఆ రెంటికీ పదుల మీటర్ల తేడా. సవరించకపోతే బందరు మొత్తం సముద్రం అడుగున ఉన్నట్టు కనిపిస్తుంది! అందుకే తెలిసిన బెంచ్‌మార్కు నుంచి లెవెల్ యంత్రం, స్టాఫు పట్టుకుని మళ్లీ సరిచూస్తాను. చదునైన నేలలో జానెడు తేడా ఒక చేనును ముంచుతుంది, ఇంకో చేనును ఎండబెడుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయారు. ఇక్కడ మెరక అంటే ప్రాణం కూడా.

కొలతలకు మంచి కాలం తక్కువ. వరి కోయకముందే చేలో మినుము చల్లేస్తారు. అది పీకాక, కాలువలకు నీళ్లు వదిలేలోగా పని ముగించాలి. వానాకాలం ఇంట్లో కూర్చుని క్యూజీఐఎస్‌లో గీస్తాను. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. పూర్వం పటాల మీద ఆంక్షలు ఎక్కువ. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో భారతీయులు పటాలు చేసుకోవడానికి ముందస్తు అనుమతుల బెడద చాలావరకు తీరింది. డబ్బు మాత్రం నిదానమే. ఒక వెంచరు వాళ్లు ప్లాట్లన్నీ అమ్ముకుని కూడా నా బాకీ ఇప్పటికీ "వచ్చే వారం" అంటున్నారు.

ఈ పనికి బందరులో పాత చుట్టరికం ఉంది. కృష్ణా, గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించవచ్చా అని కొలిచి చూసిన మైకేల్ టాపింగ్, 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టినవాడు, 1796లో మచిలీపట్నంలోనే జ్వరంతో పోయాడు. ఆ బడే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది.

మీరెవరైనా మ్యాపు గీయించుకుంటే కింద మూలన చూడండి. ఏ తేదీన కొలిచారు, ఏ రాయి నుంచి కొలిచారు, ఎత్తు ఏ బెంచ్‌మార్కు నుంచి తెచ్చారు అన్నవి రాసి ఉండాలి. లంకల్లోనైతే తేదీ మరీ ముఖ్యం, ఒక వరద చాలు ఒడ్డు జరగడానికి. ఆ మూడూ లేకపోతే రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి, గీసింది నేనైనా సరే.