నెల తప్పాక కడుపునొప్పా? తాత్సారం వద్దు

రొంపిచెర్ల: మిరప కోతలో వంగి వంగి వచ్చిందనో, వేడి చేసిందనో ఆడవాళ్లు కడుపునొప్పిని ఓర్చుకోవడం మన పల్లెల్లో మామూలే. కాని నెల తప్పిన మనిషికి పొత్తికడుపులో ఒక పక్క నొప్పి వస్తే ఓర్చుకోరాదు.

నూటికి 1 లేక 2 గర్భాలు గర్భసంచికి వెలుపల నిలుస్తాయి. అందులో 90 శాతం పైగా అండం వచ్చే సన్నని గొట్టంలోనే. పిండం పెరిగితే ఆ గొట్టం చిట్లుతుంది. రక్తం కడుపులోనే కారుతుంది గనుక పైకి కొద్దిగానే కనబడుతుంది. కళ్లు తిరగడం, చెమటలు, భుజం నొప్పి ప్రమాద సూచనలు.

మూత్ర పరీక్ష గర్భం ఉందని చెబుతుందే గాని ఎక్కడుందో చెప్పదు. అది తేల్చేది స్కానింగు, రక్తపరీక్ష. ముందుగా తెలిస్తే కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజక్షన్ సరిపోతుంది. చిట్లితే ఆపరేషనే గతి. 1883లో ఇంగ్లండు డాక్టరు లాసన్ టెయిట్ ఆ ఆపరేషన్‌తో ప్రాణం నిలబెట్టారు. ఆ పిండాన్ని గర్భసంచిలోకి మార్చే వైద్యం మాత్రం నేటికీ లేదు.

ఇందులో ఆ ఇల్లాలి తప్పేమీ లేదు. ఒక గొట్టం పోయినా రెండోది బాగుంటే మళ్లీ తల్లి కావచ్చు. కనుక అత్తలు, భర్తలు తెల్లవారనిద్దామనకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.