బుడిబుడి అడుగుల ఆటల పండగ

నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల స్పోర్ట్స్ డేకి కప్పులూ పతకాలూ అక్కర్లేదు. ఓ పాత చీర, నాలుగు అట్టపెట్టెలు, రెండు కొబ్బరిమట్టలు, ఆడటానికి సిద్ధపడి వచ్చిన ఇంటి పెద్దలు ఉంటే చాలు. ఆ రోజును అందరి పండగలా ఎలా జరుపుకోవచ్చో చూద్దాం.

చలికాలం మొదలైందంటే బళ్లలో స్పోర్ట్స్ డే సందడే సందడి. షామియానాలు లేస్తాయి, మైకులు మోగుతాయి, ముగ్గుపిండితో ట్రాకులు గీస్తారు. పెద్ద తరగతుల వాళ్లు కబడ్డీ, ఖోఖోల్లో హోరెత్తిస్తారు. అదే నాలుగేళ్ల పిల్లల వంతు వచ్చేసరికి విజిల్ వినగానే ఒకరు పరుగెత్తుతారు, ఒకరు గుంపులో అమ్మ కోసం వెతుక్కుంటారు, ఇంకొకరు ఏడుపు లంకించుకుంటారు. తప్పు వాళ్లది కాదు. పెద్దపిల్లల పోటీలనే కాస్త కుదించి పసివాళ్ల ముందు పెడుతున్న మనది.

ఓ లెక్క వేసి చూడండి. 60 మంది పిల్లల్ని నలుగురేసి చొప్పున పరుగెత్తిస్తే 15 జట్లవుతాయి. జట్టుకు రెండు నిమిషాలు పట్టినా అరగంట గడిచిపోతుంది. అందులో ఒక్కో బిడ్డ పరుగెత్తేది మహా అయితే 20 సెకన్లు! మిగతా సమయమంతా ఎండలో వరసగా కూర్చోవడమే. అదే 60 మందిని పదేసి మంది చొప్పున ఆరు గుంపులు చేసి, ఆరు చోట్ల ఆరు ఆటలు పెట్టి, పది నిమిషాలకోసారి గంట కొట్టి గుంపుల్ని మార్చితే... గంటసేపు ప్రతి బిడ్డా ఆడుతూనే ఉంటుంది. ఎవరూ ఓడిపోరు, ఎవరూ ఊరికే కూర్చోరు.

మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా గడపాలనీ, అందులో 60 నిమిషాలైనా గట్టిగా ఆడాలనీ, టీవీ, ఫోన్ల ముందు గంటకు మించి కూర్చోకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం సైతం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఆటల ఆధారంగా సాగాలంటోంది. ఇంటి వాళ్లంతా ఒక్కచోట చేరే స్పోర్ట్స్ డే రోజూ ఆడే అలవాటుకు మంచి నాంది కాగలదు.

వయసుకు తగ్గ ఆట

మూడేళ్ల పిల్లలు పరుగెత్తగలరు కానీ గీత దగ్గర చటుక్కున ఆగలేరు. నాలుగేళ్లొచ్చేసరికి పెద్ద బంతిని రెండు చేతులతో పట్టుకుంటారు. ఐదేళ్లకు ఒంటికాలి మీద గెంతుతారు. కాబట్టి నర్సరీ వాళ్లకు బంతి దొర్లించడం, రెండు కాళ్లతో దూకడం ఉండే ఆటలు పెట్టి, తొక్కుడుబిళ్ల లాంటివి యూకేజీ వాళ్లకు ఉంచాలి. నోట్లో చెంచా పెట్టుకుని నడిచే నిమ్మకాయ పందెం ఈ వయసుకు వద్దే వద్దు. పడితే ప్రమాదం. చేతికి పెద్ద గరిటె ఇచ్చి, అందులో బంతి పెట్టి నడవమంటే సరదాకు సరదా, భద్రతకు భద్రత.

ఆరు చోట్లు, ఆరు ఆటలు

చీర మీద బంతి: పాత నూలు చీరను నాలుగు వైపులా పెద్దలూ పిల్లలూ పట్టుకోవాలి. మధ్యలో బంతి వేసి, కింద పడకుండా ఎగరేయాలి. చెయ్యీ చెయ్యీ కలిస్తేనే బంతి నిలుస్తుందని పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

బుజ్జి రైలు: ముందున్నవాళ్ల చొక్కా పట్టుకుని పిల్లలంతా రైలవుతారు. అమ్మానాన్నలు ఎదురెదురుగా నిలబడి చేతులెత్తి సొరంగాలు కడతారు. తాతయ్య స్టేషన్ మాస్టరై కాజీపేట, విజయవాడ, రాజమండ్రి అంటూ కేకేస్తే రైలు అక్కడ ఆగి సాగాలి.

నేలా బండా: ముగ్గుతో పెద్ద గుండ్రాలు గీయాలి. ‘బండ’ అనగానే గుండ్రంలోకి, ‘నేల’ అనగానే బయటికి దూకాలి. పొరపాటు పడినవాళ్లను పక్కన కూర్చోబెట్టొద్దు, అందరితో పాటు నవ్వుకుని మళ్లీ దూకనివ్వాలి.

అట్టపెట్టెల కోట: ఇది మన ఏడు పెంకులాటే. పెంకుల బదులు ఖాళీ అట్టపెట్టెలు, రబ్బరు బంతి బదులు గుడ్డ బంతి. పిల్లలు కూలగొడతారు, పెద్దలు పేరుస్తారు, తర్వాత పెద్దలు కూలగొడితే పిల్లలు పేరుస్తారు.

అమ్మకు గంతలు: అమ్మకో నానమ్మకో కళ్లకు గంతలు కట్టి, నలుగురైదుగురు పిల్లల చేతులు తడిమి తమ బిడ్డ ఎవరో చెప్పమనాలి. పిల్లల నవ్వులే పట్టిచ్చేస్తాయి. గంతలు పెద్దలకే కట్టండి, చీకటంటే పసివాళ్లు బెదిరిపోతారు.

మట్ట బండి: కొబ్బరిమట్ట వెడల్పు భాగంలో బిడ్డను కూర్చోబెట్టి నాన్న మెల్లగా లాగాలి. తాటిమట్ట అంచులకు రంపపు పళ్లుంటాయి, దాన్ని వాడొద్దు. ఇసుకలో, గడ్డి మీద మాత్రమే లాగాలి.

చివరగా అందరూ కలిసి కుర్చీలాట. పాట ఆగినప్పుడల్లా కుర్చీ ఒకటి తీసేయండి, పిల్లల్ని మాత్రం తీసేయకండి. మిగిలిన కుర్చీల్లోనే పెద్దల ఒళ్లో పిల్లలు, వాళ్ల పక్కన ఇంకొందరు సర్దుకుని కూర్చోవాలి. ఒకరికొకరు చోటివ్వడంతో ముగిసే ఈ ఆటకన్నా మంచి ముక్తాయింపు ఏముంటుంది!

ఇంటి వాళ్లంటే...

పిలుపు రాసేటప్పుడు ‘తల్లిదండ్రులు తప్పక రావాలి’ అనకండి. కూలికి వెళ్లకపోతే గడవని అమ్మలుంటారు, సెలవు దొరకని నాన్నలుంటారు, అమ్మో నాన్నో దూరమైన పిల్లలుంటారు. ‘బిడ్డకు దగ్గరైన పెద్దవాళ్లు ఎవరైనా ఒకరు రండి’ అంటే అమ్మమ్మ వస్తుంది, బాబాయి వస్తాడు, పక్కింటి అత్తయ్యా వస్తుంది. ఎవరూ రాని బిడ్డకు టీచరమ్మో ఆయమ్మో మొదటి ఆట నుంచే జోడీగా ఉండాలి. పరుగెత్తలేని బిడ్డ ఉంటే చీర పట్టే ఆటలో, రైలుకు జెండా ఊపే పనిలో ముందుగానే చోటు చూడాలి.

ఫొటోలు తీసే పని ఇద్దరికి అప్పగించి, మిగిలిన వాళ్లంతా ఫోన్లు సంచీలో పెట్టేయాలి. ‘వాడు చూడు ఎంత బాగా ఆడుతున్నాడో’ అనే మాట ఆ రోజు ఎవరి నోటా రాకూడదు.

జాగ్రత్తలు మరవొద్దు

ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టి పదిలోపు ముగించాలి. ప్రతి ఆట దగ్గరా నీడ, మంచినీళ్లు, బాధ్యత తీసుకునే ఒక పెద్ద మనిషి ఉండాలి. గీతలకు సున్నం వద్దు, కళ్లలో పడితే ముప్పు. పగిలిన బెలూన్ ముక్కలు, పల్లీలు, పాప్‌కార్న్ పసివాళ్ల గొంతుకు అడ్డుపడతాయి. తినడానికి ఇడ్లీ, అరటిపండు, తాగడానికి మజ్జిగ మేలు. మైకు మోత తగ్గించాలి. ఎవరి బిడ్డను ఎవరు తీసుకెళ్తున్నారో చివరిదాకా రాసుకోవాలి.

ఖర్చు పెద్దగా లేదు కాబట్టి ఊళ్లోని అంగన్‌వాడీలోనూ ఇవన్నీ జరపొచ్చు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి) పథకంతో ఆరేళ్లలోపు పిల్లల కోసం ఏర్పాటైన కేంద్రాలవి. స్థలం చాలకపోతే పక్కనున్న బడి ఆవరణను అడగొచ్చు.

బహుమతుల మాటకొస్తే ఒకటీ రెండూ మూడూ స్థానాలు ఈ వయసులో అనవసరం. ప్రతి బిడ్డకూ ఇంటి దగ్గర ఆడుకోవడానికి ఓ గుడ్డ బంతి ఇవ్వండి. అమ్మలారా, నాన్నలారా, ఆ బంతి మూలన పడిపోకుండా చూసే బాధ్యత మీది. ఏడాదికొక్క రోజు ఆడితే పిల్లలకు సరిపోదు. ప్రతి సాయంత్రం ఓ అరగంట వాళ్లతో ఆడండి.