వార్తల్లో పదం: కేజ్ కల్చర్

కెన్యాలో విక్టోరియా సరస్సు తీరాన, కిసుము, హోమా బే ప్రాంతాల్లో విస్తరిస్తున్న చేపల సాగు ఇది. ప్లాస్టిక్ గొట్టాలతోనో ఇనుప చట్రంతోనో నీటిపై తేలే పంజరం కట్టి, దానికి వల సంచి వేలాడదీసి లంగరు వేస్తారు. అందులో తిలాపియా పిల్లల్ని వదిలి, తేలే గుళికల మేత చల్లుతారు. మగ చేపలు త్వరగా పెరుగుతాయి గనుక మగ పిల్లలకే గిరాకీ.

2009లో కెన్యా ప్రభుత్వం పల్లెల్లో చేపల చెరువులు తవ్వించింది. సాయం ఆగాక చాలా చెరువులు మూలనపడ్డాయి. సరస్సులో సహజ తిలాపియా తగ్గడంతో పెట్టుబడి పంజరాల వైపు మళ్లింది.

చిక్కంతా మేతతోనే. సాగు ఖర్చులో సగానికి పైగా దానికే పోతుంది. పైగా మేతలో కలిపే ఒమెనా అనే చిరుచేప అదే సరస్సులోది, తీరంలో పేదింటి కూర. వారి కంచంలోది తీసి పంజరంలో వేయడం అన్యాయం. సోయా, ఈగ లార్వాల మేతకు ప్రభుత్వ ప్రోత్సాహం దక్కాలి.

ఇంకో ముప్పు ఆక్సిజన్ కొరత. అడుగునున్న ప్రాణవాయువు లేని నీరు పైకి లేస్తే బయటి చేప తప్పించుకుంటుంది, పంజరంలోది చచ్చి తేలుతుంది. 2022లో కెన్యా రైతులు ఇలాగే భారీగా నష్టపోయారు. అందుకే లోతు, నీటి కదలిక చూశాకే పంజరానికి చోటివ్వాలి.