ముందూ వెనకా షాక్‌లున్న సైకిల్ అడిగితే ఏం చెప్పాలి?



ఏడు నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలున్న ఇళ్లలో వార్షిక పరీక్షలు దగ్గరపడగానే ఒక కోరిక బయటికొస్తుంది. "డాడీ, మంచి గ్రేడ్ వస్తే ఫుల్ సస్పెన్షన్ ఎంటీబీ కొనిస్తారా?" ఎంటీబీ అంటే మౌంటెయిన్ బైక్. షాపుకెళ్లి ధర అడిగితే ఒకటి పదిహేను వేలు, ఇంకొకటి మూడు లక్షలు అంటారు. దూరం నుంచి చూస్తే రెండింటికీ ముందూ వెనకా షాక్‌లే కనిపిస్తాయి. తేడా ఎక్కడుందో, మన పిల్లలకు అసలు ఏది కావాలో చూద్దాం.

ఫుల్ సస్పెన్షన్ అంటే?

సైకిళ్లలో మూడు రకాలున్నాయి. షాక్‌లే లేనిది రిజిడ్. ముందు చక్రానికి మాత్రమే షాక్ ఉన్నది హార్డ్‌టెయిల్. రెండు చక్రాలకూ ఉన్నది ఫుల్ సస్పెన్షన్. షాక్ ఎంత లోపలికి కుంగగలదో ఆ కొలతను ట్రావెల్ అంటారు. కొండదారి రేసుల క్రాస్ కంట్రీ బైక్‌కు 100 నుంచి 120 మిల్లీమీటర్లు, నిటారుగా దిగే డౌన్‌హిల్ బైక్‌కు 200 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది.

ఈ షాక్‌లు ఉన్నది కూర్చున్నవారి సుఖానికే అనుకుంటాం. అసలు పని వేరు. రాళ్లు, చెట్ల వేర్లు ఉన్న దారిలో వేగంగా దిగుతుంటే చక్రం గాల్లోకి ఎగురుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేక్ వేసినా లాభం లేదు, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. చక్రాన్ని నేలకు అంటిపెట్టుకునేలా చేయడమే సస్పెన్షన్ ప్రధాన బాధ్యత.

అది లేకుండా కొండల్లో నడపలేరా అంటే నడపగలరు. మౌంటెయిన్ బైకింగ్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌తో పతక క్రీడ అయింది. 2008 బీజింగ్‌లో పురుషుల స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ రైడర్ జూలియన్ అబ్సలాన్ నడిపింది హార్డ్‌టెయిలే. 2012 లండన్‌లో గెలిచిన చెక్ రైడర్ యారోస్లావ్ కుల్హావీ ఫుల్ సస్పెన్షన్ బైక్ ఎంచుకున్నాడు. ఒలింపిక్ స్థాయిలోనే రెండు రకాలూ గెలిచాయంటే, షాక్‌ల సంఖ్యను బట్టి సైకిల్ మంచిదో కాదో చెప్పలేమని అర్థం.

కొన్నవాళ్లు ఏమంటారు?

లక్షలు పెట్టి ఇలాంటి బైక్ కొన్నవారిని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. వారాంతాల్లో నిజంగా రాళ్లదారుల్లో తిరిగేవారు "పెట్టిన ప్రతి రూపాయికీ విలువ దక్కింది" అంటారు. దిగుడులో ధైర్యం పెరిగిందని, నడుము, చేతులు తక్కువ అలసిపోతున్నాయని చెబుతారు.

ఎక్కువగా తారు రోడ్డు మీద తిప్పేవారి అనుభవం ఇంకోలా ఉంటుంది. పెడల్ మీద లేచి తొక్కినప్పుడు బండి కిందికీ పైకీ ఊగుతుంది. కాలి శక్తిలో కొంత ముందుకు పోకుండా షాక్‌లో ఖర్చవుతుంది. లాకౌట్ అనే మీట వేస్తే షాక్ గట్టిపడి ఊపు తగ్గుతుంది. కానీ రోజూ లాక్ చేసి తిప్పేటట్లయితే అంత డబ్బు పెట్టి షాక్ కొన్నదెందుకు?

ఇద్దరూ ఒప్పుకునే విషయం ఒకటుంది. కొన్నాక అయ్యే ఖర్చును ముందు ఎవరూ లెక్కేసుకోరు. షాక్ తయారీ కంపెనీల మాన్యువల్స్‌లో దాదాపు ప్రతి 50 గంటల రైడింగ్‌కు ఫోర్క్ కింది భాగాలు విప్పి శుభ్రం చేసి ఆయిల్ మార్చాలని, సుమారు 200 గంటలకు పూర్తి సర్వీస్ చేయాలని కనిపిస్తుంది. రోజుకు గంట తొక్కితే 50 రోజులకే మొదటి సర్వీస్ అన్నమాట. ఆ పని తెలిసిన మెకానిక్ చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. వెనక భాగం కదిలే చోట్ల బేరింగులుంటాయి. వానలో, బురదలో తిరిగితే అవి అరుగుతాయి. స్కూటర్లకు వాటర్ సర్వీసింగ్ చేసే చోట ప్రెషర్‌తో నీళ్లు కొట్టిస్తే గ్రీజు బయటికి పోయి ఇంకా త్వరగా పాడవుతాయి.

పదిహేను వేల సైకిల్ సంగతి

అసలైన ఫుల్ సస్పెన్షన్ బైక్ ధర మన దగ్గర సుమారు లక్షన్నర, రెండు లక్షల దగ్గర మొదలవుతుంది. మంచి కార్బన్ ఫ్రేమ్ మోడళ్లు పది లక్షలు కూడా దాటతాయి. మరి పదిహేను వేలకు వచ్చే దాంట్లో ఏముంటుంది? స్ప్రింగ్ ఉంటుంది, సాధారణంగా డ్యాంపర్ ఉండదు.

స్ప్రింగ్ దెబ్బను తీసుకుంటుంది. డ్యాంపర్ ఆ స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్ని ఆయిల్ సాయంతో అదుపు చేస్తుంది. డ్యాంపర్ లేకపోతే గుంతలో పడి లేచిన ప్రతిసారీ సీటు కింద నుంచి ఎగదన్నుతుంది. వేగంలో అది ప్రమాదం.

బరువు మరో సమస్య. ఇలాంటి ఉక్కు సైకిళ్లు 18 కిలోల దాకా ఉంటాయి. 36 కిలోల పిల్లాడికి అది తన బరువులో సగం. 70 కిలోల నాన్నగారు 35 కిలోల సైకిల్ తొక్కుతూ ఫ్లైఓవర్ ఎక్కుతున్నట్టు ఊహించుకోండి. పిల్లలు కొన్నాళ్లకే సైకిల్‌ను పక్కన పెడితే, దాన్ని బద్ధకం అనే ముందు సైకిల్ బరువు చూడాలి.

పిల్లల విషయంలో ఇంకో లెక్క

ఖరీదైన బైక్ కొన్నా షాక్‌ను రైడర్ బరువుకు తగ్గట్టు అమర్చాలి. సీటు మీద కూర్చోగానే వెనక షాక్ తన మొత్తం ప్రయాణంలో 25 నుంచి 30 శాతం కుంగాలి. దీన్ని శ్యాగ్ అంటారు. పెద్దల బరువుకు చేసిన కాయిల్ స్ప్రింగ్ పిల్లల కింద సరిగా కదలదు. గాలితో పనిచేసే ఎయిర్ షాక్ అయితే ప్రత్యేక పంపుతో ప్రెషర్ తగ్గించి సరిచేయవచ్చు. పైగా ఈ వయసులో పిల్లలు చకచకా ఎత్తు పెరుగుతారు. ఈరోజు సరిపోయిన ఫ్రేమ్ రెండేళ్లకు చిన్నదైపోవచ్చు. "పెరుగుతాడులే" అని పెద్ద సైజు కొంటే ఆగినప్పుడు కాళ్లు నేలకు సరిగా ఆనవు.

మరి ఏది కొనాలి?

"ఎక్కడ తొక్కుతారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

• స్కూల్, కాలనీ, పార్క్: తేలికైన రిజిడ్ లేదా హైబ్రిడ్ సైకిల్ చాలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్‌కైనా, విశాఖ బీచ్ రోడ్డుకైనా షాక్‌లతో పని లేదు. అరకు ఘాట్ కొండే అయినా దారి తారుదే.

• మట్టిదారులు, చెరువుగట్లు, పొలం బాటలు: మంచి ముందు ఫోర్క్ ఉన్న హార్డ్‌టెయిల్.

• శిక్షణతో, పెద్దల తోడుతో క్రమం తప్పకుండా రాళ్లదారుల్లో రైడింగ్: కనీసం ఏడాదిపాటు హార్డ్‌టెయిల్ నడిపాక ఫుల్ సస్పెన్షన్ గురించి ఆలోచించవచ్చు.

ఏది కొన్నా హెల్మెట్ అదే రోజు కొనండి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి.

ఇంట్లో చేయించే చిన్న ప్రాజెక్ట్

"వద్దు" అనేస్తే పిల్లలు అలుగుతారు, "సరే" అంటే మన జేబు చూసుకోవాలి. ఈ రెండింటికీ ముందు పిల్లల చేతికి ఒక తెల్లకాగితం ఇవ్వండి. తనకు నచ్చిన మూడు సైకిళ్ల పేర్లు రాయమనండి. ఒక్కోదానికి ధర, బరువు, ఏడాదికి సర్వీస్ ఖర్చు, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, దగ్గరలోని సర్వీస్ సెంటర్ దూరం, రెండేళ్ల తర్వాత అమ్మితే రాగల మొత్తం అన్నీ షాపులో తనే అడిగి నింపాలి. చివరగా రెండేళ్ల మొత్తం ఖర్చును, తను తొక్కగల రోజుల సంఖ్యతో భాగించమనండి. ఒక్క రోజు సైకిల్ తొక్కడానికి ఎంత ఖర్చవుతుందో తేలుతుంది.

టెస్ట్ రైడ్‌కు పిల్లలను తీసుకెళ్లకుండా సర్‌ప్రైజ్ గిఫ్ట్‌గా మాత్రం కొనకండి. లెక్క వేసి, తొక్కి చూసి తనే ఎంచుకున్న సైకిల్‌ను పిల్లలు జాగ్రత్తగా చూసుకుంటారు. ఒకవేళ అన్నీ లెక్కలేసి కూడా ఫుల్ సస్పెన్షనే కావాలంటే, ఎందుకో చెప్పమని ఓపికగా వినండి. కారణం సరైనదైతే తప్పకుండా ఆలోచించండి.