బ్రాన్సన్ మోటారు సైకిల్ పునర్నిర్మాణం

అమెరికాలో 1969-70లలో ఎన్‌బీసీ ప్రసారం చేసిన ‘దెన్ కేమ్ బ్రాన్సన్’ ధారావాహికలో, పాత్రికేయ వృత్తిని వదలిన కథానాయకుడు మరణించిన మిత్రుని మోటారు సైకిల్‌పై దేశాటనకు బయలుదేరుతాడు. అది 883 సీసీ ఇంజను గల ఎర్రని హార్లే డేవిడ్‌సన్ స్పోర్ట్‌స్టర్. పెట్రోలు ట్యాంకుపై చిత్రించిన కన్నే దాని గుర్తు.

అటువంటి బండిని నేడు పునర్నిర్మించదలచిన వారికి రంగు, బొమ్మ సులభసాధ్యాలే. అసలు పరీక్ష కాళ్ల వద్ద ఉంది. ఆనాటి స్పోర్ట్‌స్టర్‌కు, మన పాత బుల్లెట్‌కు వలెనే, గేరు కుడివైపు, వెనుక బ్రేకు ఎడమవైపు ఉండేవి. 1975 నమూనా నుంచి అవి తారుమారయ్యాయి. తరువాతి బండికి ఎర్రరంగు పూస్తే పైరూపమే వస్తుంది. పాతదానినే సంపాదిస్తే, ఇప్పటి అలవాటు కొద్దీ ఆపద వేళ బ్రేకు అనుకొని గేరును తొక్కే ప్రమాదముంది. కనుక రహదారి ఎక్కకముందే, ఖాళీ మైదానంలో కాళ్లకు ఆ పాత పద్ధతిని నేర్పవలసి ఉంటుంది.