అరకు రాయి అంటార్కిటికాలోనూ!

కిరండూల్ రైల్లో అరకు వెళ్తూ టన్నెళ్ల దగ్గర ఎర్రమట్టి రంగు తిరిగిన రాళ్లు చూసే ఉంటారు. వాటిలో ఎక్కువగా ఉండేది ఖొండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే 1902లో ఆ రాయికి పెట్టారు. దీనికి తోబుట్టువుల్లాంటి రాళ్లు తూర్పు అంటార్కిటికా మంచు తీరంలోనూ ఉన్నాయి. గోండ్వానా ఖండంలో ఈ రెండు నేలలూ కలిసే ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. 2012లో మొదలైన మన ‘భారతి’ పరిశోధన కేంద్రం ఆ తీరంలోని లార్స్‌మన్ కొండల్లోనే ఉంది. శీతాకాలంలో అక్కడ సముద్రమే గడ్డకడుతుంది, వారాల తరబడి సూర్యుడు కనిపించడు.

పీహెచ్‌డీ ఉంటేనే అక్కడికి వెళ్తారనుకుంటున్నారా? కాదండీ. గోవాలోని ఎన్‌సీపీఓఆర్ నోటిఫికేషన్లలో డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, వంటమనిషి పోస్టులూ ఉంటాయి. ఐటీఐ, డిప్లొమా చేసి అనుభవం ఉన్నవాళ్లు వాటిపై కన్నేయొచ్చు. అయితే ఒక్క మాట: ఇవి కాంట్రాక్టు ఉద్యోగాలే. శీతాకాల బృందంలో పడితే ఏడాదికి పైగా ఇంటి ముఖం చూడలేరు. వైద్య పరీక్షలు గట్టిగానే ఉంటాయి, ఔలీ మంచులో శిక్షణ కూడా.

రాళ్ల మీదే ఆసక్తి ఉంటే డిగ్రీలో జియాలజీ తీసుకోండి. తర్వాత ఐఐటీలకు జామ్, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి ఏపీ పీజీసెట్ రాయాలి.